ఆకుపచ్చ చుక్కకున్న విలువ ఊపిరికి లేదా?

ఈ దేశంలో తిండి మీద జరిగినంత రాజకీయం మరే విషయం మీదా జరగదేమో. ఎవరు ఏం తింటున్నారు, ఎవరి వంటింట్లో ఏ మాంసం ఉంది, దుకాణదారుడి పేరేమిటి, మతమేమిటి అన్న ప్రశ్నలు ఎన్నికల సభల్లో వినిపిస్తాయి, పోలీసు ఉత్తర్వుల్లో కనిపిస్తాయి, న్యాయస్థానాల మెట్లెక్కుతాయి. 2024 జులైలో కావడి యాత్ర సాగే దారి పొడవునా ఉన్న భోజనశాలలు యజమానుల పేర్లు రాసిపెట్టాలని ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో అధికారులు హుకుం జారీ చేశారు. అదంతా పారదర్శకత కోసమేనని ప్రభుత్వాలు సమర్థించుకున్నాయి. ఏ రకం ఆహారం వడ్డిస్తున్నారో చెబితే చాలునని, పేర్లు చెప్పమని బలవంతపెట్టరాదని జులై 22న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది. 2025 మే నెలలో హైదరాబాద్‌లో కరాచీ బేకరీ బోర్డు మీద కొందరు తమ దేశభక్తిని ప్రదర్శించారు. దేశ విభజనలో ఊరు, ఇల్లు పోగొట్టుకుని వచ్చిన సింధీ కుటుంబం 1953లో పెట్టుకున్న దుకాణమది అన్న చరిత్ర వారికి అక్కరలేకపోయింది.

బోర్డు మీద ఏ ఊరి పేరుందో, గల్లాపెట్టె వెనక ఎవరు కూర్చున్నారో ఇంత పట్టింపుగా చూసే రాజకీయం, పొట్లంలో ఏముందన్న ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి మౌనం దాలుస్తుంది. ఈ దేశంలో పాలు, గుడ్డు, వేరుశనగ, నువ్వులు, గోధుమ వంటి పదార్థాలు రవ్వంత కడుపులోకి పోయినా ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, రక్తపోటు పడిపోయి ప్రాణాల మీదికి తెచ్చుకునే వారున్నారు. వారికి తిండి విషయంలో పారదర్శకత అంటే యజమాని పేరు కాదు, దినుసుల పేర్లు. ఆ పారదర్శకత కోసం ఏ సేనా రోడ్డెక్కలేదు. ఏ ముఖ్యమంత్రీ ఉత్తర్వు ఇవ్వలేదు.

జ్వరపు పథ్యంలో దాగిన ప్రమాదం

ఈ వైఫల్యం ఎంత లోతైనదో తెలియడానికి బ్రెడ్డు పొట్లాన్ని మించిన ఉదాహరణ లేదు. తెలుగు ఇళ్లలో బ్రెడ్డు చాలాకాలం పాటు నిత్యాహారం కాదు, పథ్యం. జ్వరం వచ్చినవారికి పాలూ బ్రెడ్డూ పెట్టేవారు. ప్రభుత్వాసుపత్రి మంచం మీది రోగికి ఉదయాన్నే అందేదీ అదే. అందువల్ల బ్రెడ్డు అంటే అపాయం లేని తిండి అన్న నమ్మకం తరతరాలుగా స్థిరపడింది. ఇప్పుడది బడిపిల్లల డబ్బాలోకి, హాస్టళ్లలోకి, రైలు ప్రయాణాల్లోకి, రాత్రి షిఫ్టుల క్యాంటీన్లలోకి చేరింది. నిత్యావసరమన్న గుర్తింపుతోనే 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బ్రెడ్డును పన్ను నుంచి మినహాయించారు. బ్రెడ్డుకూ పిజ్జా బ్రెడ్డుకూ తేడా ఏమిటి, రొట్టెకూ పరోటాకూ తేడా ఏమిటి అని పన్నుల యంత్రాంగం సూక్ష్మ చర్చ చేసింది. అదే సూక్ష్మదృష్టి అలర్జీ విషయంలో ఏమైంది?

సాధారణ బ్రెడ్డు పొట్లాన్ని తిరగేసి చూస్తే మైదా, చక్కెర, ఈస్టు, నూనె, ఉప్పుతో కథ ముగియదు. తెల్లదనం కోసం, మెత్తదనం కోసం సోయా పిండి కలుపుతారు. పిండి సాగడానికి విడిగా గోధుమ గ్లూటెన్ చేరుస్తారు. మిల్క్ బ్రెడ్డులో పాల ఘనపదార్థాలుంటాయి. బన్నుల మీద నువ్వులు చల్లుతారు. మల్టీగ్రెయిన్ అన్న పేరు పెడితే ఓట్లు, బార్లీ, సోయా, నువ్వులు, అవిసెలు వచ్చి చేరతాయి. ఆపైన బ్రాకెట్లలో అంకెలు: 282, 471, 481, 322. ఇందులో 322 అంటే లెసిథిన్. అది ఎక్కువగా సోయా నుంచి వస్తుంది. పొద్దుతిరుగుడు నుంచీ, గుడ్డు నుంచీ కూడా తీయవచ్చు. సోయా పడని బిడ్డ తల్లికి ఈ అంకె ఏం చెబుతుంది? అదే కర్మాగారంలో, అదే బల్ల మీద, అదే కోత యంత్రం మీద గంట ముందు జీడిపప్పు కేకు ముక్కలయిందా, గుడ్డు పూసిన బన్ను సాగిందా అన్నది ఎవరు చెబుతారు?

ఇక్కడ రెండు వర్గాల బాధితులను వేరు చేసి చూడాలి. గోధుమ అలర్జీ వేరు, సీలియాక్ వ్యాధి వేరు. మొదటిది నిమిషాల్లో విరుచుకుపడవచ్చు. రెండవది గ్లూటెన్ వల్ల రోగనిరోధక వ్యవస్థ సొంత పేగునే దెబ్బతీసే దీర్ఘవ్యాధి. ఢిల్లీ ప్రాంతంలో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనం దాదాపు నూటికి ఒకరిలో సీలియాక్ ఉన్నట్టు గుర్తించింది. దక్షిణాదిలో అది చాలా తక్కువ. గ్లూటెన్ రహితమని చెప్పుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని నిబంధన ఉంది. మంచిదే. కాని గోధుమ తీసేసిన బ్రెడ్డుకు ఆకారం రావడానికి చాలాచోట్ల గుడ్డు తెల్లసొననో, పాల పొడినో, బాదం పిండినో ఆశ్రయిస్తారు. ఒకరికి రక్షణ అయిన పొట్లం మరొకరికి ఉచ్చు అవుతుంది. అందుకే పొట్లం మీది పెద్దక్షరాల ప్రశంస కాదు, వెనకవైపు చిన్నక్షరాల నిజం ముఖ్యం.

చట్టం ఉంది, చదివేవారికి అందదు

చట్టం లేదని ప్రభుత్వం అనలేదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం ఉంది. దాని కింద 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనలున్నాయి. వాటి ప్రకారం 8 వర్గాల పదార్థాలను లేబుల్ మీద విడిగా ప్రకటించాలి: గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగతో పాటు బాదం జీడిపప్పు వంటి గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకుమించిన సల్ఫైటు. కాగితం మీద ఇది ముందడుగే. కాని మూడు చోట్ల ఈ నిబంధన చేతులెత్తేసింది.

మొదటిది భాష. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉంటే చాలు. ఇతర భాషల్లోనూ వేయాలనిపిస్తే వేసుకోవచ్చు, నిషేధం లేదు, అంతే. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్లకు పైబడి ఉన్నారు. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు, బెంగాలీలు, ఒడియాలు, మరాఠీలు ఎన్ని కోట్లో లెక్క వేసుకోవచ్చు. వీరందరి ప్రాణరక్షణ సమాచారం వారి భాషలో ఉండాల్సిన పనిలేదని భారత రాజ్యం గెజిట్‌లో అచ్చు వేసి ప్రకటించింది. ప్రకటనల హోర్డింగు తెలుగులో ఉంటుంది. టీవీలో బిస్కెట్టు పాట తెలుగులో వస్తుంది. ఓటు అడిగే నాయకుడు కష్టపడి రెండు ముక్కలు తెలుగులో మాట్లాడతాడు. సరుకు అమ్మడానికీ, ఓటు కొనడానికీ పనికొచ్చే భాష హెచ్చరికకు పనికిరాకుండా ఎలా పోయింది?

జాగాలేదన్న సాకు నిలవదు. ఐరోపా సమాఖ్య నిబంధన ప్రకారం సరుకు ఏ దేశంలో అమ్ముతారో ఆ దేశపు వినియోగదారులకు సులభంగా అర్థమయ్యే భాషలో ఆహార సమాచారం ఉండాలి. కెనడాలో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ తప్పనిసరి. పక్కనున్న శ్రీలంకలో సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడూ అచ్చయిన పొట్లాలు ఏ కొట్లోనైనా కనిపిస్తాయి. భాష కోసం దశాబ్దాల పాటు నెత్తురు చిందిన ఆ చిన్న ద్వీపానికి సాధ్యమైన పని, ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలను కొలువుంచి పూజించే గణతంత్రానికి అసాధ్యమా?

రెండవది ‘ఉండవచ్చు’ అన్న మాట. కావాలని కలపకపోయినా ఒకే యంత్రం మీద తయారవడం వల్ల అంటుకునే పదార్థం గురించి ‘ఉండవచ్చు’ అని హెచ్చరిక ముద్రించే వెసులుబాటును నిబంధన తయారీదారుకు ఇచ్చింది. అది ఎప్పుడు వేయాలి, ఎంత మోతాదు దాటితే వేయాలి అన్న కొలమానం ఇవ్వలేదు. దాని ఫలితం రెండు విధాలుగా ఉంటుంది. బాధ్యత లేని తయారీదారు ఏమీ వేయడు. భయస్తుడైన తయారీదారు అన్నిటి మీదా అన్నీ వేసేస్తాడు. మొదటివాడి పొట్లం ప్రమాదకరం, రెండవవాడి పొట్లం నిరుపయోగం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నియమించిన నిపుణులు పాలు, గుడ్డు, వేరుశనగ, నువ్వులకు 2 మిల్లీగ్రాముల మాంసకృత్తులను ప్రామాణిక మోతాదుగా సూచించారు. కొలవడానికి శాస్త్రం సిద్ధంగా ఉంది. కొలవమని ఆదేశించే ప్రభుత్వమే సిద్ధంగా లేదు.

మూడవది వీధి చివరి బేకరీ. పొట్లం కట్టని సరుకుకు సంబంధించి, వంటకాల అలర్జీ సమాచారం చూపించాలన్న నిబంధన కేంద్ర లైసెన్సు ఉన్న సంస్థలకో, 10 లేదా అంతకుమించి చోట్ల శాఖలున్న సంస్థలకో పరిమితం. మండల కేంద్రంలోని బేకరీ, బస్టాండు ఎదుట బన్ను-బటరు, దిల్‌పసంద్, ఎగ్ పఫ్ ఒకే అద్దాల బీరువాలో పేర్చిన దుకాణం ఈ లెక్కలోకి రావు. అక్కడే కాల్చి, కవరులో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చే బ్రెడ్డు మీద చాలాసార్లు దుకాణం పేరు తప్ప మరేమీ ఉండదు. దేశంలో ఎంతోమంది రొట్టె కొనుక్కునేది ఇటువంటి చోట్లే.

చుక్కకు దారి దొరికింది

నిరక్షరాస్యులకు, పలు భాషలవారికి ఒకేసారి అర్థమయ్యే హెచ్చరిక తయారు చేయడం కష్టమని ఎవరైనా వాదిస్తే, అందుకు సమాధానం అదే పొట్లం మీద ఉంది. అది ఆకుపచ్చ చుక్క. శాకాహారానికీ మాంసాహారానికీ గుర్తులు వేయాలన్న నిబంధన 2001లో వచ్చింది. అక్షరం ముక్క రాని వృద్ధురాలు కూడా ఆ చుక్క చూసి సరుకు కొనగలదు. ఆ చుక్క పొట్లం ముందువైపున పేరు పక్కనే ఉండాలి. పొట్లం విస్తీర్ణాన్ని బట్టి దాని వ్యాసం 3 మిల్లీమీటర్ల నుంచి ఎంతెంత పెరగాలో కూడా నిబంధన చెబుతుంది. 2020లో మరో అడుగు ముందుకు వేసి, రంగులు గుర్తించలేనివారికీ తేడా తెలిసేలా మాంసాహారపు గుర్తును త్రికోణంగా మార్చారు.

ఇది ప్రశంసనీయమైన పని. పౌరుడి విశ్వాసానికి భంగం కలగకూడదని రాజ్యం ఇంత శ్రద్ధ తీసుకోవడంలో తప్పేమీ లేదు. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఈ హక్కును మరింత విస్తరించింది. దినుసును అంకెలతో సూచించి ఊరుకుంటే చాలదని, అది మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా అన్నది స్పష్టంగా చెప్పాల్సిందేనని, ఏం తింటున్నామో తెలుసుకోవడం రాజ్యాంగంలోని 21, 25 అధికరణాల కింది హక్కు అని తేల్చింది. మోతాదు ఎంత స్వల్పమైనా మినహాయింపు లేదంది.

ఆ తర్కాన్నే ఒక్క అడుగు ముందుకు జరపాలి. రవ్వంత జంతు పదార్థం కలిసినా శాకాహారి మనస్సు గాయపడుతుందని గుర్తించిన వ్యవస్థ, రవ్వంత పాల పొడి కలిసినా ఒక పసివాడి శ్వాసనాళం మూసుకుపోతుందని ఎందుకు గుర్తించదు? 25వ అధికరణం విశ్వాసాన్ని కాపాడితే, 21వ అధికరణం ప్రాణాన్నే కాపాడాలి కదా! చుక్క వ్యాసానికి కొలతలు, స్థానం, రంగు, ఆకారం నిర్ణయించిన అధికారులు అలర్జీ ప్రకటనకు మాత్రం వెనకవైపున, దినుసుల జాబితా అడుగున, మెరిసే ప్లాస్టిక్ ముడతల్లో చోటిచ్చి సంతృప్తి చెందారు. తేడా శాస్త్రంలో లేదు, సంఖ్యాబలంలో ఉంది. శాకాహారులు ఓటుబ్యాంకు. అలర్జీ ఉన్నవారు కులానికొకరుగా, మతానికొకరుగా, ఊరికొకరుగా చెదిరి ఉన్నారు. వారికి జెండా లేదు, ఊరేగింపు లేదు.

పైగా ఆకుపచ్చ చుక్క అలర్జీ ఉన్నవారిని తప్పుదారి పట్టిస్తుంది కూడా. అందులో పాలు ఉండవచ్చు. కావాలని గుడ్డు కలపలేదన్న హామీ మాత్రమే అది, గుడ్డు తగిలిన యంత్రాన్ని కడిగారన్న హామీ కాదు. విశ్వాసానికి సరిపోయే గుర్తు వైద్యానికి సరిపోదు.

నువ్వు గింజ నేర్పే పాఠం

8 వర్గాల జాబితాలో నువ్వులు లేవు. ఆవాలు లేవు. శనగపిండి లేదు. ఇది భారతీయుల వంటింటిని చూసి రాసుకున్న జాబితా కాదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ పాత జాబితాను దాదాపు యథాతథంగా దింపుకున్నది. నువ్వులను ప్రాధాన్య జాబితాలో చేర్చాలని నిపుణుల సంఘం 2021లోనే సిఫార్సు చేసింది. ప్రపంచంలో నువ్వులు పండించే అగ్రదేశాలలో ఒకటైన భారత్ ఆ గింజ గురించి తన పౌరులను మాత్రం హెచ్చరించదు.

నువ్వుల వల్ల ఏమవుతుందో బ్రిటన్‌ను అడగాలి. 2016 జులైలో నటాషా అనే 15 ఏళ్ల బాలిక లండన్ హీత్రో విమానాశ్రయంలో ఒక బగెట్ రొట్టె కొనుక్కుంది. నువ్వులు పైన చల్లలేదు, పిండిలోనే కలిపి కాల్చారు. కంటికి కనిపించవు. దుకాణంలోనే తయారు చేసి చుట్టిన సరుకు కాబట్టి ఒక్కొక్క పొట్లం మీద దినుసులు రాయాల్సిన అవసరం అప్పటి చట్టంలో లేదు. విమానం గాలిలో ఉండగా ఆమెకు ఊపిరి ఆడలేదు. ఆ రోజే ఆమె చనిపోయింది. ఆ తల్లిదండ్రుల పోరాటం వల్ల ‘నటాషా చట్టం’ 2021 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. అక్కడే చుట్టి అక్కడే అమ్మే సరుకు మీద కూడా పూర్తి దినుసుల జాబితా, 14 అలర్జీ కారకాలు ప్రస్ఫుటంగా కనిపించాలి. బ్రిటన్ మూసేసిన ఆ కంత, భారతదేశంలోని ప్రతి వీధి బేకరీలో ఇంకా తెరిచే ఉంది.

అమెరికా నేర్పే పాఠం వేరు. అక్కడ 2021లో చేసిన చట్టంతో నువ్వులు తొమ్మిదవ ప్రధాన అలర్జీ కారకమయ్యాయి. 2023 జనవరి 1 నుంచి అమలు. అప్పుడు కొన్ని పెద్ద బ్రెడ్డు కంపెనీలు ఏం చేశాయి? నువ్వుల జాడ లేకుండా యంత్రాలు కడగడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, అంతకుముందు నువ్వులు లేని బ్రెడ్డులోనూ కాసింత నువ్వుల పిండి కలిపి, లేబుల్ మీద నువ్వులున్నాయని రాసేశాయి. చట్టం అక్షరాలా నెరవేరింది. నువ్వులు పడనివారికి నిన్నటి దాకా దొరికిన రొట్టె కూడా దూరమైంది. 2024 జూన్‌లో అమెరికా ఆహార ఔషధ సంస్థ బింబో బేకరీస్‌కు హెచ్చరిక లేఖ పంపింది. వాడని పదార్థాలను లేబుల్ మీద వాడినట్టు రాయడం తప్పుదారి పట్టించడమేనని అందులో తేల్చి చెప్పింది. లేబుల్ మీద అక్షరం మారిస్తే చాలదు, కర్మాగారంలో శుభ్రత నియమం మారాలి అన్నదే ఇందులోని నీతి. భారతదేశం ఆలస్యంగా మేల్కొంటే కనీసం ఆ అనుభవం నుంచి నేర్చుకుని మేల్కొనాలి.

ఇక్కడొక చేదు నిజం ఉంది. ఒకే భారతీయ కర్మాగారం బ్రిటన్‌కు పంపే పొట్లం మీద 14 అలర్జీ కారకాలను లెక్కలోకి తీసుకోవాలి. అమెరికాకు పంపితే నువ్వుల పేరు చెప్పాలి. విజయవాడకు పంపితే ఆ అవసరం లేదు. 2020లో భారత నువ్వులలో ఎథిలీన్ ఆక్సైడ్ అవశేషాలు బయటపడి ఐరోపాలో బ్రెడ్డు, బిస్కెట్లు దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నప్పుడు, ఎగుమతి సరుకుకు పరీక్షల హడావుడి మొదలైంది. పరదేశపు కొనుగోలుదారు వద్దంటే కదిలే యంత్రాంగం, స్వదేశపు తల్లి అడిగితే కదలదు. డాలస్‌లోనో లండన్‌లోనో పెరుగుతున్న తెలుగు బిడ్డ వేసవి సెలవులకు తాతగారింటికి వస్తే, విమానం దిగిన క్షణమే ఆ రక్షణ కవచం ఊడిపోతుంది. ఇక్కడే పుట్టి పెరిగే బిడ్డకు అది ఎన్నడూ లేదు.

వినిపించే సాకులు

అలర్జీ పాశ్చాత్యుల జబ్బు, మట్టిలో ఆడిన భారతీయులకు రాదు అన్నది మొదటి సాకు. కర్ణాటకలో వయోజనులపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనం ఆహార అలర్జీ ఉండే అవకాశం బలంగా ఉన్నవారు 1.2 శాతమని చెప్పింది. పాశ్చాత్య దేశాలకన్నా ఇది తక్కువే. ఒక ప్రాంతపు లెక్కను దేశమంతటికీ గుణించడం శాస్త్రం కాదు. కాని 140 కోట్ల జనాభాలో నూటికి ఒక్కరే అనుకున్నా అది ఒక చిన్న రాష్ట్రమంత జనాభా. అంతకన్నా తక్కువమంది ఓట్ల కోసం ఈ దేశంలో పథకాలు పుట్టలేదా? అసలు ఆహార అలర్జీ మరణాలను విడిగా నమోదు చేసే జాతీయ వ్యవస్థే లేదు. లెక్కపెట్టకుండా ఉండి, లెక్క తక్కువ అనడం పాలకులకు అలవాటైన విద్య.

చిన్న బేకరీల మీద భారం పడుతుందన్నది రెండవ సాకు. చిన్నవారి మీద ప్రేమతో పుట్టిన మాట కాదిది, పెద్దవారికి అడ్డుగోడ. దుకాణంలో ఒక పలక వేలాడదీసి, ఏ సరుకులో పాలు, గుడ్డు, గింజలు, నువ్వులు ఉన్నాయో గుర్తులతో చూపడానికి పట్టే ఖర్చు ఒక రోజు కరెంటు బిల్లును మించదు. యజమాని పేరు పలక వేయించడానికి అడ్డురాని భారం, దినుసుల పలక వేయించడానికి ఎలా అడ్డొస్తుంది?

పడనివారు జాగ్రత్తగా చదువుకుని తినాలన్నది మూడవ సాకు. చదవడానికి లేబుల్ ఉండాలి. ఉన్న లేబుల్ తెలిసిన భాషలో ఉండాలి. ఆ భాషలో రాసింది నిజమై ఉండాలి. ఈ మూడూ కల్పించాల్సిన బాధ్యత రాజ్యానిది. అవి లేకుండా జాగ్రత్త అంతా తల్లుల మీద వేయడం, గుంతలు పూడ్చకుండా చూసి నడవమనడం లాంటిది.

కదిలితే ఎంతసేపు?

ప్రభుత్వం తలచుకుంటే ఎంత వేగంగా కదలగలదో బ్రెడ్డే సాక్ష్యం. 2016 మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 38 రకాల బ్రెడ్డు, బన్ను నమూనాలను పరీక్షించి, 84 శాతం నమూనాల్లో పొటాషియం బ్రోమేటు లేదా అయోడేటు ఉన్నట్టు వెల్లడించింది. పత్రికలు గగ్గోలు పెట్టాయి. జూన్ ముగిసేలోగా బ్రోమేటు నిషేధం వచ్చేసింది. 2024 అక్టోబరులో పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. రాష్ట్రాలకు అధికారాలు లేవన్న వాదన అక్కడే వీగిపోయింది.

ఒకప్పుడు ఈ రాజ్యం స్వయంగా బ్రెడ్డు కాల్చేది. 1965లో ప్రభుత్వ రంగ సంస్థగా మోడర్న్ బేకరీస్ మొదలైంది. ప్రజలకు చవకగా పోషకాహారం అందించాలన్నది దాని ఆశయం. 2000 జనవరిలో వాజపేయి ప్రభుత్వం అందులో 74 శాతం వాటాను హిందుస్తాన్ లీవర్‌కు అమ్మింది. బ్రెడ్డు కాల్చడం ప్రభుత్వం పని కాదు, నియంత్రించడమే దాని పని అన్నారు. ఆ వాదన తప్పో ఒప్పో అలా ఉంచినా, పాతికేళ్లు గడిచాక ఒక ప్రశ్న అడగక తప్పదు. పొయ్యి దగ్గర నుంచి లేచిపోయిన ప్రభుత్వం, వాగ్దానం చేసిన కాపలాదారు కుర్చీలో కూర్చుందా? లేబుల్ తప్పుగా ఉంటే చట్టం ప్రకారం జరిమానా 3 లక్షల రూపాయల దాకా వేయవచ్చు. నాసిరకం ఆహారం వల్ల ప్రాణం పోతే కనీసం 5 లక్షల పరిహారం ఇప్పించవచ్చు. కాని అలర్జీ కారకాన్ని దాచినందుకు సరుకు వెనక్కి తీసుకున్న వార్త ఈ దేశపు పత్రికల్లో ఎంత అరుదు! అమెరికాలో ఆహారం వెనక్కి తీసుకోవడానికి ప్రధాన కారణాల్లో అదొకటి.

ప్రమాదం ముంచుకొస్తే ఆదుకునే మందు సంగతి మరీ ఘోరం. అనాఫిలాక్సిస్‌కు తొలి చికిత్స ఎడ్రినలిన్ ఇంజెక్షన్. అది అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది, చవకైనదే. కాని రోగే తొడకు గుచ్చుకోగల ఆటో-ఇంజెక్టర్ మందుల దుకాణంలో తేలికగా దొరకదు. స్తోమత ఉన్నవారు విదేశాల నుంచి తెప్పించుకుంటారు. లేనివారు ఆసుపత్రి దాకా ఊపిరి నిలవాలని మొక్కుకుంటారు. ప్రపంచానికే మందుల దుకాణం అని చెప్పుకునే దేశం ఇది.

చేయాల్సినవి అంతరిక్ష యాత్రలు కావు. అలర్జీ కారకాల జాబితాలో నువ్వులు, ఆవాలు, శనగలను చేర్చాలి. అలర్జీ హెచ్చరికను అమ్మే రాష్ట్రపు అధికార భాషలో తప్పనిసరి చేయాలి. చుక్కలాగే ముందువైపున, అక్షరం రానివారికీ తెలిసే బొమ్మ గుర్తులు నిర్ణయించాలి. ‘ఉండవచ్చు’ అన్న మాటకు మోతాదు కొలమానం, యంత్రాల శుభ్రతకు నియమం పెట్టాలి. తప్పించుకోవడానికి అలర్జీ కారకాన్ని కావాలని కలిపే దారిని ముందే మూసేయాలి. చిన్న బేకరీలకు ఉచితంగా గుర్తుల పలకలు ఇచ్చి, శిక్షణ ఇచ్చి, ఆపైన తనిఖీ చేయాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి పెద్ద బడిలో ఎడ్రినలిన్ ఉండాలి. ఆటో-ఇంజెక్టర్లను దేశంలోనే చవకగా తయారు చేయించాలి.

ఉప్పు, చక్కెర, కొవ్వుల గురించి పొట్లం ముందువైపున హెచ్చరిక వేయాలన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022లో నక్షత్రాల గుర్తుల ముసాయిదా వచ్చినా, కంపెనీల ఒత్తిళ్ల మధ్య నిర్ణయం ఏళ్ల తరబడి నలుగుతోంది. ఆ చర్చలో అలర్జీ ప్రస్తావనకు చోటే దక్కలేదు. ముందువైపు లేబుల్‌ను తిరగరాసే అవకాశం ఇప్పుడు చేతిలో ఉన్నప్పుడు అలర్జీ గుర్తులను కూడా అందులోనే చేర్చకపోతే, మరో పదేళ్లు ఆగాల్సి వస్తుంది. తెలుగు రాష్ట్రాల నుంచి పార్లమెంటుకు వెళ్లిన 42 మంది లోక్‌సభ సభ్యుల్లో ఒక్కరైనా లేచి, మా భాషలో హెచ్చరిక ఎందుకు లేదని ఆరోగ్య మంత్రిని అడగవచ్చు. అందుకు మంత్రి పదవి అక్కరలేదు, పార్టీ ఫిరాయించనక్కరలేదు. ఒక బ్రెడ్డు పొట్లం చేతిలో పట్టుకుని, వెనక్కి తిప్పి చూపిస్తే చాలు.